అమావాస్యనాటి తనిఖీ

తిరుపతి నుంచి వడమాలపేట, పుత్తూరు మీదుగా నగరికి పోయే రోడ్డున ఇప్పుడు నేను ప్రయాణం చేయడం మానేశాను. అటువైపు పెళ్లో చావో ఉంటే రైలెక్కి పోతాను. ఆ రోడ్డు పక్కన, నేను పుట్టి పెరిగిన ఊరి మొదట్లోనే, ఒక ఇనప గేటు ఉంది. గేటు మీద ఒక కంపెనీ బోర్డు ఉంది. బోర్డు అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఊరి నేతవాళ్ల సొసైటీ పేరు రాసి, పక్కన ‘స్థలం ఇచ్చినవారు’ అని పెట్టారు.

స్థలం ఇచ్చినవారట! గేటు లోపల నిలబడ్డ ఒక్కో సోలార్ పలక కింద ఉన్న గుంత ఆ ఊరివాళ్లు తవ్వింది. ఇంటికొక మనిషి చొప్పున వంతులు వేసుకుని, రాతినేలలో గడ్డపారలు వంకర్లు పోయేదాకా తవ్వారు. వాళ్లకు మిగిలిన పేరు అది. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను, బీపీ మాత్ర మింగుతున్నాను, కోపం మాత్రం తగ్గలేదు. పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది అని నాకు చెప్పడానికి వచ్చేవాళ్లంటే ఇంకా కోపం.

నా ఉద్యోగం సర్కారువారి సౌరవిద్యుత్తు విభాగంలో. తిరుపతి ఆఫీసులో ఇంజనీరుగా చేశాను. ఎండను అమ్ముకునే కంపెనీలకు భూములు చూపించడంతోనే నా సర్వీసు సగం గడిచింది. ఆఖర్న ఒక మంచి పథకం నా చేతికి వచ్చింది. ఊరే సోలార్ ప్లాంటు పెట్టుకోవాలి, ఊరే నడుపుకోవాలి, ఊరి పేరనే అది ఉండాలి. మా జిల్లాలో దాన్ని నిలబెట్టే బాధ్యత నాది. ఎక్కడ మొదలుపెట్టాలో నేను రెండోసారి ఆలోచించలేదు.

నేను నేత ఇంట్లో పుట్టినదాన్ని. నాయన గుంటమగ్గం నేసేవాడు. ఆ ఊళ్లో ఇప్పుడు గుంటమగ్గాలు లేవు, ఇంటింటికీ మరమగ్గాలే. మధ్యాహ్నం చుట్టుపక్కల చెరుకు తోటల్లో మోటర్లన్నీ ఒకేసారి తిరిగితే ఊళ్లో వోల్టేజీ పడిపోయేది. మగ్గాలు మూలిగేవి, పోగులు తెగేవి. తెగిన పోగులు అతుక్కుంటూ కూర్చోవడంలోనే పూట గడిచిపోయేది. ఊరి పక్కనే కరెంటు పుడితే ఆ బాధ ఉండదు. అందుకు కావలసిన స్థలం కూడా ఉంది. చేనేత నడిచే కాలంలో తెల్లారుజామున పడుగు నూలు బారుగా పరిచి గంజి పెట్టిన సొసైటీ నేల అది. వీధంత పొడుగు, రెండు బండ్లు పట్టేంత వెడల్పు. మా ఆఫీసులో దాని కొలతలు చూసి, ఇదేం స్థలం మేడమ్, రైలు పట్టాలు వేస్తారా అని నవ్వారు. నాకు మాత్రం ఆ నేల మీద నాయన గంజి కుంచె పట్టుకుని నడిచిన నడక గుర్తుంది. పలకల్ని రెండు వరసల్లో, పడుగు పరిచినట్టే గీశాను.

సొసైటీ ప్రెసిడెంటు నాయనకు జతగాడు. ఇద్దరూ ఒకే వీధిలో ఎదురెదురు మగ్గాల్లో నేసినవాళ్లు. ఆయన్ని నేను చిన్నాయనా అనే పిలుస్తాను. మొదటి మీటింగులో నేను గంటసేపు చెప్పినదంతా విని ఆయన ఒకటే అడిగాడు.

“గవుర్మెంటుది గాదు, కంపెనీది గాదు. మాదేనంటావా?”

“మీదే చిన్నాయనా.”

“మాది అనేదానికి కాయితం ఉండాదా పాపా?”

“ప్లాంటు నడిచి ఆరు నెలలైతే కాగితం వస్తుంది. నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను.”

ఆ కాగితం కోసమే ఆ ఊరు కష్టపడింది. నేత ఊళ్లో సోలార్ పలకలకు మట్టికన్నా నూలు దుమ్ముతో బాధ ఎక్కువ. మగ్గాల షెడ్లలోంచి గాలికి లేచిన దూది పలకల మీద తెల్లగా పేరుకుంటుంది. మంచులో తడిస్తే అతుక్కుపోతుంది. తడిగుడ్డతో తుడవడానికి ఆడవాళ్లు వీధివారీగా వంతులు పెట్టుకున్నారు. ఎవరి వంతు వాళ్లది, ఎవరికీ చెప్పే పని లేదు. నేను సర్వీసులో చూసిన కంపెనీ ప్లాంటు ఏదీ అంత శుభ్రంగా లేదు. మగ్గాలు మూలగడం ఆగిపోయింది. చిన్నాయన భార్య నన్ను చూసినప్పుడల్లా, “మిషన్లు ఇప్పుడు గమ్మున నడస్తా ఉండాయి పాపా” అని మురిసిపోయేది. అంత చప్పుడు చేసే మగ్గాన్ని గమ్మున నడుస్తోందనడం ఆవిడకే చెల్లింది.

ఆరు నెలలు గడిచాయి. కాగితం ఇవ్వాలంటే పై ఆఫీసు కమిటీ వచ్చి ఒకరోజు మిట్టమధ్యాహ్నం చూడాలి. ఊరు పుట్టించిన కరెంటును ఊరే వాడుకుంటోందా అన్నది ఒకటే పరీక్ష. వాడుకుంటుంటే ప్లాంటు సొసైటీ పేరన శాశ్వతంగా రాస్తారు. వాడుకోకపోతే నడపడానికి ఒక కంపెనీకి అప్పజెప్పి, ఊరికి నేల బాడుగ ఇస్తారు. ఆరు నెలల మీటరు రీడింగులు పెట్టుకుని ఒక్క రోజు చూపు ఎందుకని నేను అప్పుడే అడగాల్సింది. అడగలేదు. మా మగ్గాలు రోజూ ఆడుతున్నాయి కదా, ఎప్పుడొచ్చినా చూస్తారులే అనుకున్నాను.

కమిటీకి పెద్దగా వచ్చిన సారు కోస్తా వైపు మనిషి. వాళ్లకు తిరుమల దర్శనం టికెట్లు దొరికిన వారంలోనే మా తనిఖీ కూడా పడింది. అది కాకతాళీయమని నమ్మేంత అమాయకురాలిని కాను. దర్శనం అయ్యాక సోమవారమో బుధవారమో మీరే చెప్పండి అని ఫోన్ చేశారు. నేను సెల్‌ఫోన్‌లో వాతావరణం చూశాను. సోమవారం మబ్బు, బుధవారం ఎండ. గోడ మీది క్యాలెండర్ దగ్గరకు పోయి బుధవారం అంకె చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను.

ఆ అంకె పక్కన నల్లచుక్క ఉంది. అమావాస్యకు మన క్యాలెండర్లన్నీ పెట్టే నల్లచుక్క. దాన్ని కూడా కలిపి సున్నా చుట్టాను. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను.

చిన్నాయనకు ఫోన్ చేసి చెబితే ఆయన అవతల గొణుగుతూ ఏదో లెక్కేసుకుని, “బలే దినమే సూసినావు పాపా” అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ బుధవారం పదకొండున్నరకు మా కార్లు ఊళ్లోకి పోయాయి. తలుపు తీసి కాలు కింద పెట్టాను. చప్పుడు లేదు. ఆ ఊరి మొదట్లో దిగితే మనిషి మాట మనిషికి వినపడదు, అంతటి ఊళ్లో పిల్లి నడిచినా వినిపించేలా ఉంది. ఇళ్ల ముందర కళ్లాపి చల్లి ముగ్గులు వేశారు. ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకుని, పెట్టెలోంచి తీసిన చీరలు కట్టుకుని నిలబడ్డారు. షెడ్లన్నీ ఊడ్చి, మగ్గాలకు నూనె పెట్టి, పసుపు కుంకుమ దిద్ది, బంతిపూలు చుట్టారు. చిన్నాయన చలువపంచె కట్టుకుని, కమిటీకి చేతులు జోడిస్తూ ఎదురొచ్చాడు.

ఆయన రెక్క పట్టుకుని పక్కకు లాగాను. “మగ్గాలెందుకు ఆపేశారు చిన్నాయనా?”

ఆయన నా మొహం కేసి వింతగా చూశాడు. “ఏం మాట పాపా అది? ఈపొద్దు అమాస గదా!”

నేత ఊళ్లలో అమావాస్యనాడు మగ్గం ఆడదు. మా అరవదేశపు సరిహద్దులో అది చెడ్డరోజు కాదు, మంచిరోజు. మగ్గానికీ మనిషికీ నెలకొక్క విశ్రాంతి. పెద్దలకు పెట్టుకుని, కాకికి ముద్ద వేసి, తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని తినే రోజు. చిన్నప్పుడు ఆ రోజు నాయన మగ్గం గుంట తుడిచి, నన్ను ఎత్తి నేతపీట మీద కూర్చోబెట్టేవాడు. నెలలో ఆ ఒక్కరోజే నాయన ఒళ్లో నాకు చోటు దొరికేది. అలాంటి రోజును నేను మరిచిపోయాను. తిరుపతిలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పంచాంగంలో రాహుకాలం తప్ప మరొకటి చూసిన పాపాన పోలేదు.

“నువ్వు దినం సెప్పినప్పుడే అనుకుంటిమి,” అంటున్నాడు చిన్నాయన. “మగ్గం ఇంటి బిడ్డ గాబట్టి అమాస సూసి పెట్టింది, అందురం ఇండ్లకాడ ఉంటాము, వచ్చినోళ్లకి ఆకేసి ఒక ముద్ద పెట్టొచ్చు అని. తప్పా పాపా?”

తప్పు ఆయనది కాదు.

పెద్దసారుకు విషయమంతా చెప్పాను. ఆయన “ఓహో, అలాగా అండీ, ఇంటరెస్టింగ్” అన్నారు. రీడింగుల ఫైలు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చంకలో పెట్టుకున్నారు. మీటరు దగ్గర నిలబడి ఊరి వాడకం ముల్లు కదలడం లేదని పక్కవాడికి చూపించారు. ఆ తర్వాత అరిటాకుల ముందు కూర్చున్నారు. అలసంద వడలు, గుమ్మడికాయ పులుసు, అరటికాయ వేపుడు, పాయసం. పెద్దసారు పాయసం రెండోసారి అడిగి పోయించుకున్నారు. వడ్డించిన ఆడమనిషి మొహం వెలిగిపోయింది.

వారంలో రిపోర్టు వచ్చింది. తనిఖీ సమయంలో మరమగ్గాలన్నీ నిలిచి ఉన్నాయి, స్థానిక వాడకం కనిపించలేదు, కాబట్టి ప్లాంటు నిర్వహణ కంపెనీకి అప్పగించవచ్చు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ రిపోర్టులో ఒక్క అబద్ధం లేదు. అదే నా కడుపుమంట. అబద్ధమైతే చించి మొహాన కొట్టొచ్చు.

నేను ఫోన్ చేశాను. ఆచారం గురించి చెప్పాను, ఆరు నెలల రీడింగులు చదివి వినిపించాను.

“మేడమ్, మీరు చెప్పేది నాకు అర్థమవుతోందండీ. కానీ సెంటిమెంట్లు రిపోర్టులో రాయలేం కదా” అన్నారు పెద్దసారు.

“సెంటిమెంటు కాదు సార్, వారంలో మీకు ఆదివారం ఉన్నట్టు వాళ్లకు నెలకొకరోజు సెలవు. ఆదివారం మీ ఆఫీసుకొచ్చి చూసి ఇక్కడెవరూ పనిచేయడం లేదని రాస్తే ఒప్పుకుంటారా?” అన్నాను. గొంతు లేచింది. ఆఫీసంతా టైపు కొట్టడం ఆపి నా వైపే చూసింది. నాకేం సిగ్గు వేయలేదు. ఆ గొంతు ముందే లేచి ఉండాల్సింది.

అరిచినందుకో, ఎందుకో, మళ్లీ ఒకసారి తనిఖీకి ఒప్పుకున్నారు. మొదటి తనిఖీ నుంచి ముప్పై రోజుల్లోపు చేయొచ్చని నియమం. గడువంటూ ఉంటే దాని ఆఖరి రోజును పట్టుకు వేలాడటం మా ఆఫీసుల అలవాటు. ముప్పయ్యో రోజు శుక్రవారం వస్తామని ఉత్తరం వచ్చింది. ఈసారి నేను నేరుగా క్యాలెండర్ దగ్గరకు పోయాను. కాగితం తిప్పి చూస్తే ఆ శుక్రవారం పక్కన మళ్లీ నల్లచుక్క. చంద్రుడికీ ముప్పై రోజులే మరి.

తేదీ మార్చమని రాశాను. కుదరదని జవాబు. ఒక్కరోజు ముందుకు జరపమని రాశాను. జవాబే లేదు.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ పెద్దసారు కాళ్లావేళ్లా పడలేదు. మా పైవాళ్ల గదుల తలుపులు బాదలేదు. మెత్తగా ఉన్నవాళ్ల దగ్గరికి పోయాను. ఊళ్లో షెడ్డు ముందర అందరినీ కూర్చోబెట్టి, ఆ ఒక్క అమావాస్యకు మగ్గాలు నడపమని అడిగాను.

పోయినసారి పాయసం వడ్డించిన ఆవిడే లేచింది. ఆవిడకు సొంతంగా రెండు మగ్గాలున్నాయి.

“మేము కరువు సూసినాము, కరోనా సూసినాము. మగ్గం నిలిసిపోయిన దినాలు శానా సూసినాము. అమాసనాడు ఆడిచ్చింది మాత్రం లేదు. మిషను గూడా నెలకొకతూరి ఊపిరి తీసుకోవాలని మా మామ సెప్తా ఉండె. దానికి గూడా మీ ఆఫీసు పర్మిషన్ కావాల్నా?”

చిన్నాయన ఆవిణ్ణి కూర్చోమని చేత్తోనే సైగ చేసి, నా వైపు తిరిగాడు.

“నడిపితే కాయితం వస్తాదా పాపా?”

“వస్తుంది చిన్నాయనా.”

“నిజం సెప్పు.”

“వస్తుంది. పూచీ నాది.”

“అయితే ఒక్కతూరి నడపతాము,” అన్నాడు. కండువా దులిపి భుజాన వేసుకుని లేచి పోయాడు. ఇంకెవరూ కాదనలేదు.

ఆ శుక్రవారం ఎనిమిది గంటలకే ఊరికి చేరాను. ముగ్గులు వేశారు, పూలు పెట్టుకోలేదు. పది గంటలకు మగ్గాలు మొదలయ్యాయి. ఒక షెడ్డు, రెండో షెడ్డు, తర్వాత వీధి వీధంతా. ఆడుతున్న మగ్గాల దగ్గర ఎవరి మొహంలోనూ కళ లేదు. పాయసం వడ్డించిన ఆవిడ మగ్గం స్విచ్చి వేసే ముందు దానికి దండం పెట్టుకుని చెంపలేసుకుంది. నేను మీటరు గదికి పోయాను. ఊరి వాడకం ఎప్పుడూ లేనంత పైకి చూపిస్తోంది. ఇప్పుడు రండి, ఇప్పుడొచ్చి రాయండి అని ఆ మీటరు ముందు నిలబడి పైకే అన్నాను.

పదకొండు దాటింది. పన్నెండు కావస్తుంటే మా తిరుపతి ఆఫీసు నుంచి గుమస్తా ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడులో వినపడక రోడ్డు మీదికి పరిగెత్తాను.

“మేడమ్, కమిటీ రావడం లేదంట. పొద్దున బయల్దేరబోతూ పెద్దసారు వద్దన్నారంట. పోయినసారైతే దర్శనానికొచ్చి తిరుపతిలోనే ఉన్నారు. ఈరోజు అమావాస్య కదా, దూరప్రయాణం మంచిది కాదని.”

“మళ్లీ ఎప్పుడొస్తారట?”

“గడువు ఈరోజుతో ఐపోయింది కదా మేడమ్. మొదటి రిపోర్టే ఖాయం చేయమన్నారంట.”

నేను ఆ ఫోన్‌లో ఏమేం తిట్టానో రాస్తే ఇది చదవడానికి పనికిరాదు. పాపం ఆ గుమస్తా అన్నీ విని, “ఉంటాను మేడమ్” అని పెట్టేశాడు. ఆచారం రిపోర్టులో రాయడానికి పనికిరాదు కానీ, రిపోర్టు రాయడానికి రాకుండా ఉండటానికి పనికొచ్చింది. నేతవాడిదైతే సెంటిమెంటు. సారుదైతే ప్రోగ్రాంలో మార్పు.

చిన్నాయన ఇంటికి పోయాను. షెడ్డులో ఆయన మగ్గాలు కూడా ఆడుతున్నాయి, ఆయన మాత్రం లోపల లేడు. పెరట్లో ప్రహరీగోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. గోడ మీద ఆకుముక్కలో రెండు అన్నం ముద్దలున్నాయి. ఆయన ఇంకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. కాకి ముట్టనిదే ఇంట్లో ఎవరూ తినరు.

“కాకులు రాలే పాపా,” అన్నాడు. “పిలిసి పిలిసి గొంతు పొయ్యింది. ఈ సప్పుడుకి రాలే.”

అదే చప్పుడులో రోజూ ఆ గోడ మీద కాకులు వాలడం నేను చూశాను. ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు.

“సార్లు వస్తిరా?”

కారు చెడిపోయిందనో, ఒంట్లో బాగాలేదనో చెబుదామనుకున్నాను. ఆయన కళ్లలోకి చూశాక చేతకాలేదు. “రారంట చిన్నాయనా. ఈపొద్దు అమాస గాబట్టి ప్రయాణం పెట్టుకోరంట.” ఎన్నాళ్లకో నా నోట ఆ ఊరి మాట వచ్చింది.

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గోడ మీది ముద్దల కేసి చూస్తూ చాలా మెల్లగా అన్నాడు.

“అంటే, వాళ్ల అమాస వాళ్లకుండాది. మా అమాసనే నువ్వొచ్చి తీసేస్తివి.”

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. షెడ్డులోకి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. ఆ ఇంటి మగ్గాలు ఆగాయి. కాసేపటికి పక్కింటివీ ఆగాయి. కబురు ఎలా పోయిందో, వీధి చివరిదాకా ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన తిరిగొచ్చి నా పక్కన నిలబడి, రెండు ముద్దల్లో ఒకదాన్ని వేలితో చూపించాడు.

“అది మీ నాయనకి పెట్టింది. యా అమాసకీ నేను మానింది లేదు. ఇంగ సప్పుడు లేదు గదా, నువ్వు పిలిసి సూడు.”

ఆయన లోపలికి పోయాడు. నేను గోడ దగ్గర నిలబడి కా కా అని పిలిచాను. పలకలున్న వైపు తిరిగి కూడా పిలిచాను. ఎండ దంచేస్తోంది, మీటరు గదిలోంచి కరెంటు వాడేవాళ్లు లేక ఊరు దాటి పోతోంది. రెండు గంటలదాకా పిలిచాను. ఏ కాకీ రాలేదు.